ఓటడుగు వచనము

వాఙ్మయవిమర్శకు తగిన వస్తువు లేవి యను ప్రశ్న వచ్చినపుడు కావ్యము, నాటకము, నవల, కథ, మించినచో స్వీయచరిత్ర యని పెద్దలు లెక్కించుదురు. ఎన్నికల దినములలో విద్యార్థులు పంచెడు కరపత్రమును, గోడమీద అంటించెడు చేతివ్రాత కాగితమును, భోజనశాలలో బల్లప్రక్క నిలిచి చేసెడు రెండు నిమిషముల ప్రసంగమును ఆ లెక్కలో చేర్చినవారిని మేమెరుగము. మరునాటికి చెత్తబుట్టలో పడు కాగితమునకు విమర్శ యేల యందురు. కాని వచనము ఎదుటివాని మనస్సును మార్చుటకు ఏర్పడిన సాధనమని యొప్పుకొన్నచో, ఆ మనస్సు మారినదో లేదో వారము తిరుగకముందే లెక్కపెట్టి చెప్పబడు వచనము ఇదియొక్కటియే. నవలను చదువరులు మెచ్చిరో లేదో గ్రంథకర్తకు తెలియుటకు ఏండ్లు పట్టును. ఓటడిగిన పిల్లవానికి పెట్టె తెరచిన సాయంకాలమే తెలియును.

ఇట్టి వచనమును గూర్చి జలదంకిలో కూర్చుండి వ్రాయుట వింతగా తోచవచ్చును. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల పిల్లలు పెద్దచదువులకు కావలికో నెల్లూరికో బస్సెక్కి పోయి వచ్చువారు. జలదంకినుండి, బ్రాహ్మణక్రాకనుండి ఉదయము బయలుదేరి దీపాలవేళకు ఇల్లుచేరు డిగ్రీ విద్యార్థి నెవనినైనను ఆపి, మీ కాలేజీలో ఎలక్షన్లు ఎప్పుడని అడిగిచూడుడు. 'కాలేజీలో ఎలక్షన్లేంది సార్‌' అని నవ్వును. అతని తండ్రియు నవ్వును. తాతగారు మాత్రము నవ్వరు. వారు నెల్లూరిలో చదువుకొన్ననాటి ప్యానెళ్ల పేర్లు, ఎవరెన్ని ఓట్లతో ఓడినది, ఎవరి గొంతు మైకు లేకయే కడపటి వరుసకు వినబడెడిది ఇంకను చెప్పగలరు. ఒక కుటుంబములో తాతకు తెలిసి మనుమనికి తెలియని విద్య లెన్నియో కలవు. వానిలో ఇదియు నొకటి యగుట మాకు కొంత కష్టముగా నున్నది.

1980వ దశకపు చివర అవిభక్తాంధ్రప్రదేశమున కళాశాలలలోను రాష్ట్ర విశ్వవిద్యాలయములలోను విద్యార్థిసంఘముల ఎన్నికలు నిలిపివేయబడినవి. కొట్లాటలు, కత్తిపోట్లు, చదువు చెడుట కారణములుగా చెప్పబడినవి. ఆ కారణములు కల్పితములు కావు. మూడు దశాబ్దములు గడచినను ఆ ఎన్నికలు తిరిగి రాలేదు. విచిత్రమేమనగా, సరిగా ఆ కాలముననే, 1988 డిసెంబరులో, పార్లమెంటు రాజ్యాంగమునకు 61వ సవరణ నంగీకరించి ఓటువయస్సును 21 నుండి 18కి దించెను. 1989 మార్చి 28 నుండి అది యమలులోనికి వచ్చెను. దేశమును పాలించువారిని ఎన్నుకొనుటకు పదునెనిమిదేండ్ల బుద్ధి చాలునని ఢిల్లీ చెప్పుచుండగా, తన తరగతి ప్రతినిధిని ఎన్నుకొనుటకు ఆ బుద్ధి చాలదని హైదరాబాదు చెప్పెను. 21 ఏండ్లు నిండినవాడు గ్రామమునకు సర్పంచి కావచ్చును. 2024 ఆగస్టులో మన ప్రభుత్వ పాఠశాలలలో యాజమాన్య కమిటీలకు ఎన్నికలు జరిగినపుడు తల్లిదండ్రులు పోయి ఓటు వేసిరి. అనగా తమ్ముని బడిలో తల్లికి ఓటు కలదు. అన్నకు తన కాలేజీలో లేదు.

విద్యార్థి యెన్నిక మా ప్రాంతమునకు ఏమియు సంబంధించనిది కాదు. నెల్లూరు వి. ఆర్‌. కళాశాలలో చదివి, విశాఖపట్టణమున న్యాయశాస్త్రము చదువుచు 1973-74లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు విద్యార్థిసంఘాధ్యక్షుడైన ముప్పవరపు వెంకయ్యనాయుడు గారిని 1978లోను, మరల 1983లోను శాసనసభకు పంపినది ఉదయగిరియే. వారు 2017 నుండి 2022 వరకు దేశమునకు ఉపరాష్ట్రపతిగా నుండిరి. వారి రాజకీయములు ఎవరికి నచ్చునో నచ్చవో ఇక్కడ ప్రసక్తము కాదు. మేము వారి వాక్యమును గూర్చి మాత్రమే చెప్పుదుము. రెండు మూడు చిన్న తునకలు, ప్రతి తునక చివరను ప్రాస, ఆ ప్రాస పూర్తియగునప్పటికి సభలో నవ్వు: ఇది వారి ధోరణి యని తెలుగువారందరు నెరుగుదురు. గ్రంథములు చదివినంతమాత్రమున ఈ ధోరణి రాదు. వినుటకు ఇష్టపడని గుంపును, తరగతికి పోవు తొందరలో నున్న గుంపును, ఒక్క నిమిషము కాలు నిలుపునట్లు చేయవలసిన చోట పుట్టిన ధోరణి యిది. ప్రాస అధికమైనపుడు అర్థము పలుచబడుననుట నిజమే. ఆ దోషమును ఆ బడిదే.

ఇంతకంటె పూర్వపు సంబంధ మొకటి కలదు. తెలుగున నవ్యవిమర్శకు దారితీసిన కవిత్వతత్త్వ విచారమును 1914లో ప్రకటించిన కట్టమంచి రామలింగారెడ్డిగారు కేంబ్రిడ్జిలో చదువుకొన్న దినములలో అచ్చటి విద్యార్థుల వాదసభయగు యూనియనునకు ఉపాధ్యక్షుడుగా ఎన్నికైరి. పిదప ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వారే మొదటి ఉపాధ్యక్షులైరి. పింగళి సూరనను అంత నిర్భయముగా తూచిన కలము, ఎదుటివాడు లేచి కాదనుటకు సిద్ధముగా నున్న సభలో పదునెక్కిన దనుకొనుట అతిశయోక్తి కాదని మా తలంపు. విమర్శయు ఓటడుగుటయు ఇంత దగ్గరి చుట్టములు.

ఇక ఆ వచనమును మేము దగ్గరగా చూచిన సందర్భము. మా బంధువుల పిల్ల యొకతె, జలదంకి పరిసరములలో పుట్టి కావలిలో డిగ్రీ చదివినది, రాష్ట్రము వెలుపల నొక పెద్ద విశ్వవిద్యాలయమున ఎం.ఏ.లో చేరినది. దాని పేరుతో ఇక్కడ పని లేదు. ఆమెను చూడబోయిన దినముననే అచ్చట ఎన్నికల వేడి ముదిరియుండెను. భోజనశాల గోడయంతయు కాగితములు. అచ్చు కాగితము లేదు. వెడల్పుకలముతో వ్రాసినవి, రంగు పూసినవి, పాత పటముల వెనుకవైపున గీసినవి. మేము టీ త్రాగుచుండగా ఒక యమ్మాయి మా బల్ల దగ్గరకు వచ్చినది. ఆమెయు తెలుగుపిల్లయే. సంయుక్త కార్యదర్శి పదవికి నిలిచినదట.

'చెల్లీ, ఏ వూరు మీది?'

'జలదంకి.'

'అదెక్కడ?'

'కావలి పక్కన.'

ఆమె తల యూపి, చేతివ్రాతకు నకలు తీసిన కాగిత మొకటి చేతికిచ్చి, తన నాలుగు మాటలు చెప్పెను. మొదటి రెండును లోకమును గూర్చినవి. మూడవది పరిశోధకుల భృతిని గూర్చినది. నాలుగవది మెస్సును గూర్చినది. మా పిల్ల అంతయు విని, కాగితము త్రిప్పిచూచి, 'లైబ్రరీ నుంచి ఆడపిల్లల హాస్టలు దాకా రాత్రిపూట దారంతా చీకటి. అది ఇందులో లేదేం అక్కా?' అని అడిగినది. ఆ యభ్యర్థి ఒక్క క్షణము ఊరకుండెను. పిదప మా పిల్ల చేతిలోని కాగితమును మరల తీసికొని, అంచున కలముతో ఆ మాట వ్రాసికొని, 'రేపు మాట్లాడేటప్పుడు చెప్తాను, వచ్చి విను' అని పోయినది. ఆ కాగితము మాత్రము మరల ఇచ్చి పోలేదు.

తరువాత మా పిల్ల చెప్పిన మాట యిది: 'బాబాయ్‌, నన్ను ఎవరన్నా ఓటు అడగడం ఇదే మొదలు.' మేము ఆశ్చర్యపడితిమి. ఆమెకు 22 ఏండ్లు. శాసనసభకు ఓటు వేసియున్నది. 'వేశాను. కానీ ఊళ్లో ఓటు నాన్నను అడుగుతారు. ఇంట్లో ఎన్ని ఓట్లున్నాయి అంటారు. నాన్న నాలుగు అంటాడు. అంతే.'

ఈ పత్రిక చదువు గృహస్థులు ఈ మాట దగ్గర కొంచెము ఆగవలయునని మా ప్రార్థన. గ్రామమున వాకిటికి వచ్చిన అభ్యర్థి పెద్దాయనకు నమస్కరించి, ఇంటనున్న ఓట్లను సంచిలోని కాయలవలె లెక్కించుకొని పోవును. కోడలికి, కూతురికి వేరుగా ఒక మనస్సు గలదని యతడు భావింపడు. భావించినను ఆ మనస్సును పలుకరించు మర్యాద మన వాకిళ్లలో ఏర్పడలేదు. విశ్వవిద్యాలయపు భోజనశాలలో తండ్రి లేడు, కులపెద్ద లేడు. బల్లదగ్గర కూర్చున్నది ఆ పిల్లయొక్కతెయే. ఆమెనే అడుగవలయును, ఆమె ప్రశ్నకే బదులు చెప్పవలయును. స్త్రీకి ఓటున్నదని రాజ్యాంగము చెప్పి ఏడు దశాబ్దములు దాటినది. ఆ ఓటును ఆమెనే యడుగు విద్య మాత్రము ఇట్టి చోట్లనే కానవచ్చుచున్నది.

ఇక వచనపు గుణదోషముల సంగతి. విద్యార్థి కరపత్రములను ఎగతాళి చేయువారు సామాన్యముగా చెప్పు మాట యొకటి కలదు: సామ్రాజ్యవాదముతో మొదలుపెట్టి సాంబారులో నీళ్లతో ముగింతురని. ఎగతాళి బాగుగనే యున్నది గాని విమర్శ కాదు. లోకమును సాంబారును ఒక కాగితమున చేర్చుట తప్పు కాదు. ఆ రెంటినడుమ వంతెన వేయకుండుట తప్పు. విశ్వవిద్యాలయమునకు వచ్చు ధనమెంత, అది యెచ్చట నిర్ణయమగును, ఆ నిర్ణయము భోజనశాల గుత్తదారుని వరకు ఎట్లు దిగివచ్చును, అతడు పప్పు తగ్గించి నీరు పెంచుట కేది కారణమైనదని మెట్టుమెట్టుగా చెప్పగలిగినవాని కరపత్రము మంచి వ్యాసమగును. చెప్పలేనివాడు మొదటి పేరాను ఎవరిదో పుస్తకమునుండి, చివరి పేరాను తన కడుపునుండి తెచ్చి దారముతో కుట్టును. మేము చూచినవానిలో కుట్టినవే యెక్కువ. నడిమి పేరా వ్రాయగలవారు ఎన్నడును కొలదిమందియే; పెద్దల పత్రికలలోను అంతే.

రెండవ దోషము క్రియలలోనున్నది. తెలుగు నినాదములలో రెండు క్రియలు రాజ్యమేలుచున్నవి: వర్ధిల్లాలి, నశించాలి. ఏది వర్ధిల్లవలయునో, ఏది నశింపవలయునో తెలియును. వర్ధిల్లజేయువా డెవడు, నశింపజేయువా డెవడు? ఆ వాక్యములో అతనికి చోటులేదు. కోరిక మాత్రమే యుండి పని లేని వాక్యమిది. ఊరేగింపునకు లయ నిచ్చుటకు చాలును, ఓటడుగుటకు చాలదు. ఓటడుగువాడు ఎప్పుడో ఒకప్పుడు 'చేయుదును' అనవలయును. అనినపిదప 'ఎట్లు' అను ప్రశ్నకు నిలువవలయును. మంచి అభ్యర్థిని గుర్తించుటకు అతని కరపత్రములో ఉత్తమపురుష క్రియలెన్ని యున్నవో లెక్కించిచూచుట యొక ఉపాయమని మాకు తోచినది. ఇది హాస్యమునకు చెప్పుట లేదు.

ఉత్తమపురుష యనగానే తెలుగున నున్న మరియొక సూక్ష్మము ముందునకు వచ్చును. మనకు బహువచనములో రెండు మాటలున్నవి: మేము, మనము. ఇంగ్లీషునకు ఒక్కటే. ఇంగ్లీషు కరపత్రమును తెనిగించువాడు ఆ మాట వచ్చిన ప్రతిచోటను ఆగి, వినువానిని లోపల చేర్చుటయా వెలుపల నుంచుటయా యని నిర్ణయింపక తప్పదు. 'హాస్టలు రుసుము పెంపును మేము ఆపించితిమి' అనినచో సంఘము తన గొప్ప చెప్పుకొన్నట్లు. 'మనము ఆపించుకొంటిమి' అనినచో వినువానికి కొంత పాలు పెట్టినట్లు. గెలిచిన పనులకు మేము, ఓడిన పనులకు మనము వాడువారిని మేము చూచితిమి. దీనిని ఇంగ్లీషున కనిపెట్టు టసాధ్యము. తెలుగున దాచు టసాధ్యము. (ఈ వ్యాసమున మేము మేము అనుచున్న మమ్ములను చదువరులు ఇదే కొలతతో కొలువవచ్చును.)

వావివరుసల సంగతియు చెప్పవలయును. 'అన్నకు ఓటు వేయండి' అను మాట మన విద్యార్థిలోకమున సర్వసాధారణమైనది. అభ్యర్థికి 23 ఏండ్లు, ఓటరుకు 24. అయినను అభ్యర్థియే అన్న. అన్నను ప్రశ్నించుట మర్యాద కాదు. అన్న అడిగినపుడు లేదనుట అంతకంటెను మర్యాద కాదు. ఇంట వాకిటిలో వదలివచ్చిన బరువును ఈ రెండక్షరముల మాట హాస్టలు గదిలోనికి మరల మోసికొని వచ్చును. మా పిల్ల 'అక్కా' అని పిలిచియు ప్రశ్న యడిగినది. అక్కయు ఆ ప్రశ్నను కాగితమునకెక్కించినది. వరుస చెడలేదు, పని జరిగినది. అన్న యని పిలిపించుకొనువారందరు ఇట్లు సమ్మతింతురా యనుట సందేహము.

ఎన్నికలు లేని చోట ఈ వచన మేమైనది? ఇదియే మాకు ముఖ్యమైన విషయము. ఎన్నికలు నిలిచినంతమాత్రమున విద్యార్థిసంఘములు మన ఊళ్లలో నిలువలేదు. జెండాలున్నవి, కార్యాలయములున్నవి, జిల్లా నాయకులున్నారు. లేనిది లెక్కింపు మాత్రమే. ఒక కళాశాలలో తన వెంట ఎందరున్నారో తెలిసికొను పని నాయకునకు తప్పిపోయినది. అతనిని నియమించినది పైనున్న సంఘము. అతడు బదులు చెప్పవలసినదియు వారికే. ఇట్టివాడు వ్రాయు కాగితము సహజముగా ఓటడుగు కాగితము కాదు, బందు పిలుపు. రెండింటి వాక్యనిర్మాణము వేరు. బందు పిలుపులో 'జయప్రదము చేయండి' అని యుండును. ఎందుకు చేయవలయునో ఒక పంక్తిలో నుండును, ఉండకపోవచ్చును. చేయనివానిని ఒప్పించు భారము దానికి లేదు, ఏలయన గేటు మూసినచో ఒప్పుకొన్నవాడును ఒప్పుకొననివాడును ఒకటే యగుదురు. ఒక తరము ఆజ్ఞార్థక క్రియలతోనే ప్రజాజీవితము నేర్చుకొన్నది. ఎన్నికలు రద్దు చేసినందువలన కళాశాలలలో రాజకీయములు పోయినవనువారు ఈ రెండు కాగితములను ప్రక్కప్రక్కన పెట్టి చదువవలయును. పోయినది రాజకీయము కాదు. బ్రతిమాలుట పోయినది, ఒప్పించుట పోయినది.

చలనచిత్రములలోను ఈ లోపమే కానవచ్చును. 1989 అక్టోబరులో వచ్చిన శివ, ఎన్నికలు నిలిచిన కాలమునకు సరిగా తగినట్లు, విద్యార్థిసంఘపు టెన్నికను రౌడీలు కళాశాలలోనికి వచ్చు ద్వారముగా చూపెను. అందు సైకిలు గొలుసు అందరికి జ్ఞాపకము. ఓటడిగిన మాట యొక్కటియైన జ్ఞాపకమున్నవారు కలరా? 2019లో వచ్చిన జార్జిరెడ్డి చిత్రమున నాయకుని పిడికిలియే మాట్లాడిన దెక్కువ. చరిత్రలోని జార్జిరెడ్డి ఉస్మానియాలో భౌతికశాస్త్రము చదివిన మేధావి, చదువుటయందును వాదించుటయందును దిట్ట. 1972 ఏప్రిల్‌ 14న విశ్వవిద్యాలయపు ఆవరణముననే అతనిని పొడిచి చంపిరి. అప్పటి కతనికి 25 ఏండ్లు. ఆ యువకుడు తోటివారిని ఏ మాటలతో తనవైపు త్రిప్పుకొన్నాడో వినవలయునను కోరికను చిత్రము తీర్చలేదు. మన కథకులకు విద్యార్థి రాజకీయములలో రక్తము కనబడినంత సులభముగా వాక్యము కనబడుట లేదు.

ఆ హత్యను తలచుకొన్న తల్లిదండ్రుల భయమును మేము తేలికగా త్రోసివేయము. జలదంకినుండి పిల్లవానిని పంపు రైతు పొలము కుదువబెట్టి పంపును. అతనికి కావలసినది పట్టా, ఉద్యోగము, ప్రాణముతో నింటికి వచ్చుట. అతనితో ప్రజాస్వామ్యమును గూర్చి ఉపన్యసించువాడు ముందుగా ఆ కుదువపత్రమును చూడవలయును. కాని భయమునకు మందు మౌనమేనా యనుదానిపై దేశమున ఒక విచారణ జరిగినది. సుప్రీంకోర్టు ఆదేశమున కేంద్రప్రభుత్వము మాజీ ప్రధాన ఎన్నికల కమీషనరు జె. ఎం. లింగ్డో గారి అధ్యక్షతన సంఘమును నియమించెను. 2006 మేలో నివేదిక వచ్చెను. ఆ సెప్టెంబరు 22న దాని నమలు జరుపుడని కోర్టు చెప్పెను. పోటీచేయువానికి 75 శాతము హాజరు, అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలకు మించరాదు, మొత్తము తంతు పది దినములలో ముగియవలయును, పార్టీల ధనము రారాదు, మైకులు, వాహనములు, జంతువులు ప్రచారమునకు వాడరాదు. (జంతువులను పేర్కొనవలసి వచ్చుటకు ఎవరో ఎక్కడనో ఏనుగునైనను గుఱ్ఱమునైనను తెచ్చియుందురు.)

ఈ నివేదికను న్యాయవాదులు నిబంధనావళిగా చదివిరి. మేము దీనిని అలంకారశాస్త్రముగా చదివితిమి. అచ్చు పోస్టరు కూడదు, చేతితో చేసినదే కావలయుననుట వచనమునకు పెట్టిన నియమమే గదా. చేతితో వ్రాయువాడు పొడుగు వ్రాయలేడు. వ్రాసిన ప్రతి మాటకు వ్రేళ్లు నొచ్చును. అందుచే అనవసరపు విశేషణములు తమంతట తామే రాలిపోవును. ఎదుటి అభ్యర్థిని విమర్శించునపుడు అతని విధానములను, చేసిన పనులను మాత్రమే విమర్శింపవలయును, అతని స్వంతజీవితము జోలికి పోరాదు, కులమతముల పేర నడుగరాదు అని మరియొక నియమము. దీనిని మన పుస్తకసమీక్షకులు గోడకు వ్రాసిపెట్టుకొనవచ్చును.

నియమమున్నచోట దానిని దాటు నేర్పును పుట్టును. ఢిల్లీ విశ్వవిద్యాలయమున అభ్యర్థులు తమ పేర్లలో కావలెనని ఒకటి రెండక్షరములు తప్పుగా అచ్చువేయించి వీథుల నింపుదురు. పట్టుకొన్నచో అది నా పేరు కాదనవచ్చునట. బ్యాలెట్టులో పై వరుస దక్కుటకై ఇంగ్లీషు మొదటియక్షరముతో ఆరంభమగునట్లు పేరు మార్చుకొన్నవారును గలరు. 2024లో ఆ కాగితపు చెత్తను చూచి ఢిల్లీ హైకోర్టు, గోడలు శుభ్రపడువరకు ఓట్లు లెక్కింపరాదని యాజ్ఞాపించెను. సెప్టెంబరు 27న వేసిన ఓట్లకు నవంబరు 25న ఫలితము వచ్చెను. వచనమే లేక పేరు మాత్రమే ముద్రించిన కాగితములు ఓటును రెండు నెలలు బంధించినవి. పేరైనను సరిగా లేదు! దీనిని సాహిత్యమనుటకు మాకు నోరు రాదు.

దీనికి ఎదురుగా నిలుచునది అదే నగరమున జవహర్‌లాల్‌ నెహ్రూ విశ్వవిద్యాలయము. అచ్చట ఎన్నికలను నడుపునది విద్యార్థులే యేర్పరచుకొన్న ఎన్నికల సమితి. అధ్యక్షపదవికి నిలిచినవారందరు ఒక రాత్రి ఒకే వేదికపై మాట్లాడి, ఒకరి ప్రశ్నకు ఒకరు బదులు చెప్పుదురు. అక్కడను కేకలు కలవు, పక్షపాతము కలదు. నియమములు మీరిరని 2008లో ఆ ఎన్నికలను సుప్రీంకోర్టే నిలుపగా 2012లో గాని తిరిగి జరుగలేదు. అయినను గుంపు ఎదుట ప్రశ్న వినక తప్పని స్థితిలో అభ్యర్థిని నిలుపుట గొప్ప పరీక్ష. మనకు దగ్గరలో, 1974లో పార్లమెంటు చట్టముచే నేర్పడిన హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమున విద్యార్థిసంఘపు టెన్నికలు నడచుచున్నవి. తెలుగు జిల్లాలనుండి వచ్చినవారు తొలిసారి విద్యార్థి యోటరులై నిలుచుచోటులలో అది ముఖ్యమైనది. మన ఊళ్లనుండి పోయిన పిల్లలు అచ్చటి వాదములలో మొదటి యేడు నోరు మెదపక, రెండవ యేడు ఇంగ్లీషున తడబడి, మూడవ యేడు తెలుగుననే ధీమాగా నిలుచుట సహజము. ఆ రెండేండ్ల ఆలస్యమునకు కారణము వారి తెలివి కాదు; డిగ్రీనాటికే నేర్వవలసినదానిని నేర్పు చోటు వారి కాలేజీలో లేకుండుట.

లింగ్డో సంఘము ఒక సందు విడిచిపెట్టెను. ఆవరణము ప్రశాంతముగా లేనిచోట తాత్కాలికముగా ప్రతినిధులను నామినేషను పద్ధతిన తీసికొనవచ్చుననియు, కాని అయిదేండ్లలో ఆ పద్ధతి వదలి ఎన్నికల పద్ధతికి మారవలయుననియు చెప్పెను. 2006కు అయిదు చేర్చినచో 2011. మన కళాశాలలు ఆ సందులోనే ఇల్లు కట్టుకొన్నవి. ఒక్కమారు రాష్ట్రమంతట పెద్ద ఎన్నికలు పెట్టుడని మేము చెప్పము. తరగతికొక ప్రతినిధిని, చీటీమీద పేరు వ్రాసి, రహస్యముగా ఎన్నుకొనుటతో మొదలుపెట్టినను చాలును. అరువదిమంది యెదుట లేచి, 'నాకేల వేయవలయునో చెప్పుదును' అని మూడు నిమిషములు మాట్లాడుట కత్తులు నూరు పని కాదు.

ఆ నివేదికలో మాకు మిక్కిలి నచ్చిన నియమము వేరొకటి కలదు. ఫలితము వచ్చిన రెండు వారములలో ప్రతి అభ్యర్థియు తన ఖర్చు లెక్కలు సమర్పింపవలయును. కళాశాల వానిని ప్రకటింపవలయును. గోడమీది మాటలన్నియు చింపివేయబడినపిదప మిగులు చివరి కాగితమిది. రంగు లెన్ని రూపాయలకు కొన్నారు, నకళ్లకు ఎంతైనది, టీ ఎవరికి పోయించిరి, 5,000లో మిగిలినదెంత? నినాదము లేదు, ప్రాస లేదు, అన్న లేడు. అంకెలును, క్రింద సంతకమును. అట్టి లెక్కపత్రము మన జిల్లా కళాశాలనుండి యేదైన నొకటి మా చేతికి వచ్చినయెడల దానిని ఈ పుటలలోనే శ్రద్ధతో సమీక్షింతుము.